ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?

"మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా? ఎవరైనా ఒత్తిడి చేశారా?"

గదిలో ముగ్గురు డాక్టర్లు, స్టాండు మీద ఒక వీడియో కెమెరా. నా సహచరుణ్ణి అప్పటికే బయట కూర్చోబెట్టారు. "ఇష్టపూర్వకంగానే" అన్నాను. పీహెచ్‌డీ వైవాలో కూడా అంత తొందరగా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పి ఉండను. బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు తట్టింది, ఆయన అడిగినవి రెండు ప్రశ్నలు, నేను చెప్పింది ఒకటే జవాబు. ఇష్టం ఉండటమూ ఒత్తిడి లేకపోవడమూ ఒకటేనా?

ఒత్తిడి చేసిన మనిషి నిజంగానే ఒక్కరూ లేరు. అతను వద్దనే అన్నాడు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, అంతే, నోరు తెరిచి అడగలేదు. కానీ డయాలిసిస్ మొదలైన నెల నుంచీ మా ఇంట్లో "ఎవరిస్తారు?" అన్న ప్రశ్న ఒక్కసారి కూడా పైకి రాలేదు. అతనికి ఇద్దరు అన్నదమ్ములున్నారు. పెద్దాయనకి బీపీ. చిన్నాయనకి చిన్న పిల్లలు, కొత్త ఉద్యోగం. నా బ్లడ్ గ్రూపు కలిసిందన్న కాగితం రాగానే, ఎవరూ వెయ్యని ప్రశ్నకి జవాబు దొరికిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను. ఆ మాట దాచుకోవడమెందుకు?

నేనిచ్చాను. ఇచ్చినందుకు విచారం లేదు. ఇద్దరం బాగున్నాం. అయితే సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి, నాకు ఏదైనా జరిగితే దాని వెనకటి పాఠం ఏమిటా అని వెతికే జబ్బొకటుంది. ఆపరేషన్ తర్వాత మంచం మీద పడుకుని ఆ డాక్టరుగారి ప్రశ్నకి పూర్వచరిత్ర వెతుక్కుంటూ పోయాను. అలా దొరికినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

భార్య కిడ్నీ భర్తకి ఇవ్వడం అనాదిగా వస్తున్న త్యాగంలా మాట్లాడతారు మనవాళ్లు. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ సావిత్రి పేరెత్తింది. నిజానికిది నిన్నమొన్నటి సంగతి. వైద్యం లెక్కల్లో చాలాకాలం భార్య బయటిమనిషే. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అన్నదమ్ముల మధ్య జరిగింది. రోనాల్డ్ హెరిక్ అనే ఆరోగ్యవంతుడైన యువకుడు తన కవల సోదరుడు రిచర్డ్‌కి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలేనా అని నిర్ధారించుకోవడానికి వేలిముద్రలు కూడా తీశారట. తన మేలు కోసం కాకుండా ఇంకొకరి మేలు కోసం ఒక ఆరోగ్యవంతుణ్ణి కొయ్యవచ్చా అని డాక్టర్లు చాలా మథనపడ్డారు. ఆ మథనం నాకెందుకో ఆసక్తిగా అనిపించింది. ఇచ్చే మనిషి మగవాడైన చోట వైద్యనీతి మొదటి ప్రశ్నే "ఇతన్ని కొయ్యవచ్చా?" అన్నది. రిచర్డ్ ఆ తర్వాత తనకి సేవ చేసిన నర్సుని పెళ్లి చేసుకుని ఎనిమిదేళ్లు బతికాడు.

మన దేశంలో జీవించి ఉన్న దాత నుంచి తీసిన కిడ్నీతో మొదటి విజయవంతమైన మార్పిడి 1971లో వెల్లూరు సీఎంసీలో జరిగింది. అప్పటికి కొత్త అవయవాన్ని శరీరం తోసెయ్యకుండా ఆపే మంచి మందులు లేవు. కాబట్టి రక్తం దగ్గరగా ఉండాలి. తల్లి, తండ్రి, తోబుట్టువులు. పెళ్లితో వచ్చిన మనిషి రక్తం వేరు. ఇంటిపేరు మార్చి, గోత్రం మార్చి, "ఇక నువ్వు ఈ ఇంటి మనిషివే" అని చెప్పిన సమాజానికి, ఆ ఒక్క చోట మాత్రం శరీరం ఒప్పుకోలేదు! 1983లో సైక్లోస్పోరిన్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. దాంతో రక్తసంబంధం లేనివాళ్ల మధ్య మార్పిడి నెమ్మదిగా సాధ్యమైంది. 1995లో పాల్ తెరసాకి బృందం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చేసిన లెక్కలు ఆ పాత నమ్మకాన్ని తిరగేశాయి. భార్యాభర్తల మధ్య మార్చిన 368 కిడ్నీల్లో 85 శాతం మూడేళ్ల తర్వాత కూడా పనిచేస్తున్నాయి. తల్లిదండ్రులు ఇచ్చినవి 82 శాతం. చనిపోయినవాళ్ల నుంచి తీసినవి 70 శాతం. జన్యువులు కలవకపోయినా పరవాలేదని తేలింది. ఇచ్చే మనిషి ఆరోగ్యంగా ఉండి, తీసిన అవయవం వెంటనే అమర్చితే చాలు.

అంటే ఇవాళ భార్య ధర్మంగా చలామణీ అవుతున్నది, వైద్యం దృష్టిలో నా పీజీ స్నేహితురాళ్ల కంటే చిన్నది. సావిత్రి దాకా వెళ్లక్కర్లేదు.

ఇంకో విచిత్రం. ఆ లెక్కలు రావడానికి ఏడాది ముందే మన చట్టం భార్యాభర్తల్ని లోపలికి తీసుకుంది. 1994 మానవ అవయవాల మార్పిడి చట్టంలో 'దగ్గరి బంధువు' ఎవరన్న నిర్వచనం జీవిత భాగస్వామితోనే మొదలవుతుంది. కొడుకు, కూతురు, తండ్రి, తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఆ తర్వాతే. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేంద్ర చట్టాన్ని తీసుకోకుండా 1995లో సొంత చట్టం చేసుకుంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే నడిచింది. కేంద్ర చట్టాన్ని, దానికి 2011లో చేసిన సవరణలతో సహా, అమలు చేసుకుంటామని తెలంగాణ శాసనసభ తీర్మానించింది 2025 మార్చిలో.

ఆ చట్టానికి అసలు శత్రువు కిడ్నీల అమ్మకం. 1980ల్లో, 90ల మొదట్లో మన దేశం ప్రపంచానికంతటికీ కిడ్నీల సంత. దాన్ని ఆపాలంటే డబ్బు తిరగని చోటు ఒకటి కావాలి. కుటుంబంలో డబ్బు తిరగదని చట్టం నమ్మింది. అందుకే దగ్గరి బంధువు కానివాళ్లు ఇవ్వాలంటే అది ప్రేమ వల్లనో అనుబంధం వల్లనో ఇస్తున్నదేనని ఆథరైజేషన్ కమిటీని ఒప్పించాలి. భార్యకి ఆ అవసరం లేదు. ఆమె ప్రేమని చట్టం ముందే ఊహించేసుకుంది. ఆమె రుజువు చెయ్యాల్సింది పెళ్లి మాత్రమే. మ్యారేజ్ సర్టిఫికెట్, పెళ్లి ఫోటో, ఫ్యామిలీ ఫోటో, పిల్లలుంటే వాళ్ల బర్త్ సర్టిఫికెట్లు చూడమని, ఎన్నాళ్లుగా కాపురం చేస్తున్నారో కనుక్కోమని 2008లో సవరించిన కేంద్ర నిబంధనలు చెప్పాయి.

మాది రిజిస్టర్ పెళ్లి. తలంబ్రాలూ తాళీ లేవు. సర్టిఫికెట్ ఇచ్చాను. "పెళ్లి ఫోటో కూడా పెట్టండి మేడం" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద, ఇద్దరం కాటన్ బట్టల్లో, చేతిలో మిఠాయి డబ్బాతో నిలబడ్డ ఫోటో ఒకటుంది. అది చూసి అతను కాసేపు ఆలోచించి, "ఇందులో పెళ్లి కనపట్లేదు కదండీ" అన్నాడు. నవ్వొచ్చింది. కానీ అతని తప్పేం లేదు. అద్దెకి తెచ్చుకున్న మనిషికి పసుపుతాడు కట్టించి భార్యగా నిలబెట్టిన కేసులు బయటపడ్డాయి కాబట్టే ఆ ఫోటోల మీద అంత పట్టింపు. పెళ్లికి దొంగ కాగితాలు పుట్టించవచ్చు అనుకున్న వ్యవస్థ, నిజమైన పెళ్లిలో ఒత్తిడి ఉండవచ్చని అంత గట్టిగా అనుకోలేదు.

పూర్తిగా అనుకోలేదనడం కూడా అన్యాయమే. ఆ 2008 నిబంధనల్లోనే ఒక వాక్యం ఉంది. దాత స్త్రీ అయితే మరింత జాగ్రత్త తీసుకోవాలి, ఆమె ఎవరన్నదీ ఆమె స్వతంత్రంగా ఒప్పుకుందా అన్నదీ, కిడ్నీ పొందుతున్న వ్యక్తి కాక ఇంకొకరి ద్వారా నిర్ధారించుకోవాలి అని దాని సారాంశం. నా సహచరుణ్ణి బయట కూర్చోబెట్టిన పద్ధతికి మూలం ఇలాంటి ఆలోచనే. ఒక్క వాక్యమే. అయినా ఒక ప్రభుత్వ నిబంధన స్త్రీ సమ్మతి వేరే రకం వస్తువని, దానికి వేరే కాపలా కావాలని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. కొయ్యబడటం అన్న సంగతి ఈ దేశంలో ఎప్పుడూ స్త్రీల వాటాకే ఎక్కువ వస్తూ ఉంది. చట్టం వచ్చి ఏడేళ్లయ్యాక, 2001లో, చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని కలిసి చేసిన అధ్యయనం 2002లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. వాళ్లలో 71 శాతం ఆడవాళ్లు. 96 శాతం మంది అప్పు తీర్చడానికే అమ్మారు. అమ్మాక కుటుంబ ఆదాయం సగటున మూడోవంతు పడిపోయింది. నన్ను పట్టి ఆపింది మాత్రం ఇంకో చిన్న వివరం. మీ భర్త కాకుండా మీరెందుకు అమ్మారు అంటే ఎక్కువగా వచ్చిన జవాబులు రెండు. సంపాదించేది ఆయన. ఆయనకి ఒంట్లో బాగాలేదు.

అమ్మిన స్త్రీకీ ఇచ్చిన స్త్రీకీ మధ్య ఎంతో దూరం ఉందనుకుంటాం. ఆమెది మురికివాడ, నాది తెల్లాపూర్‌లో పద్నాలుగో అంతస్తు. ఆమెది అప్పు, నాది ప్రేమ. కానీ ఆ రెండు జవాబులూ యథాతథంగా మా ఇంట్లో కూడా చెల్లుతాయి! సంపాదించేది అతను, ఐటీ ఉద్యోగం. నేను కాలేజీలో పీరియడ్ల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్ని. ఒంట్లో బాగాలేనిదీ అతనికే.

మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ 1990ల చివర చెన్నైలో కిడ్నీ అమ్మిన స్త్రీలతో మాట్లాడి 1999లో ఒక వ్యాసం రాశాడు. వాళ్లలో దాదాపు అందరికీ అంతకుముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఉండటం అతను గమనించాడు. ఒకసారి కొయ్యబడిన శరీరం మళ్లీ కొయ్యడానికి సిద్ధంగా ఉన్న శరీరం అవుతుంది. ప్రభుత్వంతో, ఆస్పత్రితో, డబ్బుతో ఆమెకున్న సంబంధమంతా ఆపరేషన్ ద్వారానే నడుస్తుందంటాడు. దీన్ని చదువుతున్నప్పుడు నాకు మన భాషే గుర్తొచ్చింది. తెలుగు పల్లెల్లో ఆడమనిషిని "ఆపరేషన్ అయిందా?" అని అడిగితే ఏ ఆపరేషన్ అని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. దానికి విశేషణం అక్కర్లేదు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 63 శాతానికి ఆ ఆపరేషన్ అయింది. దేశంలో అంతగా ఎక్కడా లేదు. వాసెక్టమీ అంతకంటే తేలిక, ప్రమాదం తక్కువ అని డాక్టర్లు ఎన్నేళ్లుగా చెబుతున్నా మగవాళ్ల వాటా మూడు శాతానికి అటూఇటూ. గర్భసంచి తీయించుకున్న వాళ్ల లెక్కల్లోనూ మన రెండు రాష్ట్రాలూ ముందే ఉంటూ వచ్చాయి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు.

సమ్మతి అన్న మాటకి మా చుట్టుపక్కలే ఒక పాత జ్ఞాపకం ఉంది. మా ఇంటికి అటూఇటూగా పది కిలోమీటర్ల దూరంలో పటాన్‌చెరు. ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎగ్జిట్ బోర్డుగా కనపడే పేరు. 1985లో అక్కడి ప్రైమరీ హెల్త్ సెంటర్లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ట్రయల్ కోసం పల్లెల నుంచి ఆడవాళ్లని తీసుకొచ్చారు. అది ప్రయోగమని గానీ, దుష్ఫలితాలు ఇవీ అని గానీ వాళ్లకి చెప్పలేదు. హైదరాబాద్ నుంచి స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు వెళ్లి ఇది ప్రయోగమని చెప్పాక చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడాది సంఘటన, మరికొన్ని మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టుకెక్కాయి. 'తెలిసి ఒప్పుకోవడం' అన్న మాట తెలుగు నేల మీద ఆడవాళ్ల నోట రాజకీయ డిమాండుగా వినపడిన తొలి సందర్భాల్లో అదొకటి. నేను కెమెరా ముందు అరనిమిషంలో చెప్పిన "ఇష్టపూర్వకంగానే" వెనక వీళ్లందరూ ఉన్నారు. నాకు అప్పుడు గుర్తు రాలేదు.

మరి ఎవరు ఎక్కువ ఇస్తున్నారు? జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో లెక్కల ప్రకారం 2019 నుంచి 2023 వరకు మన దేశంలో జీవించి ఉండగా అవయవం ఇచ్చినవాళ్లు 56,509 మంది. వాళ్లలో స్త్రీలు 36,038, అంటే దాదాపు 64 శాతం. అలా ఇచ్చిన అవయవాలు పొందిన స్త్రీలు 17,041. కిడ్నీతోపాటు లివర్ కూడా కలిపిన లెక్క ఇది. 2025 ఆగస్టులో నోటో రాష్ట్రాలకు పంపిన సూచనల్లో, వెయిటింగ్ లిస్టులో ఉన్న స్త్రీలకి ప్రాధాన్యం ఇమ్మని చెప్పాల్సొచ్చింది.

దీనికి వైద్యులు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి, కొట్టిపారెయ్యలేం. మగవాళ్లలో బీపీ, గుండెజబ్బులు ముందుగా వస్తాయి, కాబట్టి దాతలుగా పనికిరాకపోవచ్చు. రెండోది మరీ సూక్ష్మమైనది. గర్భం మోసిన స్త్రీ శరీరంలో బిడ్డ ద్వారా తండ్రి వైపు కణాల మీద యాంటీబాడీలు తయారవుతాయి. రేపు ఆమెకే కిడ్నీ కావాల్సొస్తే, భర్తది ఆమె శరీరం తోసెయ్యవచ్చు. తెరసాకి లెక్కల్లోనే, గర్భం దాల్చని భార్యలకి భర్తలిచ్చిన కిడ్నీలు మూడేళ్లకి 87 శాతం పనిచేస్తే, గర్భం దాల్చినవాళ్లలో 76 శాతమే (ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చని వాళ్లే రాశారు). అతని పిల్లల్ని కన్నందువల్లే అతని కిడ్నీ ఆమెకి పనికిరాకుండా పోవచ్చన్నమాట! ఇలాంటి వ్యంగ్యం ఏ కథలోనైనా రాస్తే కృతకంగా ఉందంటాం.

కానీ కారణాలన్నీ రక్తపరీక్షల్లోనే లేవు. 2000లో అచ్చయిన టొరంటో అధ్యయనం ఒకటుంది. దానం చెయ్యడానికి వైద్యపరంగా అర్హులని తేలిన భార్యల్లో 36 శాతం ఇచ్చారు. అలాగే అర్హులని తేలిన భర్తల్లో ఇచ్చింది 6.5 శాతం. యాంటీబాడీలు, బీపీ, బ్లడ్ గ్రూపు అన్నీ పక్కకి తీసేశాక మిగిలిన తేడా అది. పైగా అది కెనడా. మన పసుపు కుంకుమలు, మన వరలక్ష్మీ వ్రతాలు లేని చోటు.

కన్యాదానం చేస్తాం మనం. దానమయ్యేది స్త్రీ, దాత తండ్రి, పుచ్చుకునేది వరుడు. దానంగా వచ్చిన వస్తువు తనంతట తాను దానం చేయగలదా? ఈ ప్రశ్న చమత్కారానికి అడగడం లేదు. అవయవ మార్పిడిని దశాబ్దాల పాటు పరిశీలించిన రెనీ ఫాక్స్, జుడిత్ స్వేజీ ఇచ్చిన మాట ఒకటుంది, కానుక చేసే దౌర్జన్యం అని. తిరిగి తీర్చలేని కానుక పుచ్చుకున్నవాడు దాతకి జీవితాంతం కట్టుబడిపోతాడని, ఆ భారం ఇద్దరినీ నలిపేస్తుందని వాళ్ల పరిశీలన. మనకి దానికి సరిపడా రుణం, రుణానుబంధం లాంటి గొప్ప మాటలే ఉన్నాయి. కానీ చుట్టాల మాటలు వింటుంటే భార్య ఇస్తే ఆ రుణం పుట్టినట్టే కనపడదు. "నీ పసుపు కుంకాలు నువ్వే నిలబెట్టుకున్నావమ్మా" అన్నది మా దూరపు పిన్ని ఒకామె. అంటే లాభం నాదే. నేను అతనికిచ్చింది కూడా నాకు నేను ఇచ్చుకున్నదే! మా మరిది నుంచి వచ్చి ఉంటే అది త్యాగం, ఊళ్లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు. అన్నట్టు, మన పత్రికలు 'కిడ్నీ దాత' అని రాస్తాయి. వందలో అరవై నలుగురు స్త్రీలైన పనికి ఆ మాటకి స్త్రీలింగ రూపం వాడుకలో లేకపోవడం తమాషాగా లేదూ?

కోత గురించి చెప్పాలి. పాతరోజుల్లో దాతకి పక్కటెముకల కింద పెద్ద కోత ఉండేది, ఒక్కోసారి ఆఖరి ఎముక ముక్క కూడా తీసేవారు. 1995లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో మొదటిసారి లాప్రోస్కోపీతో దాత కిడ్నీ తీశారు. ఇప్పుడు మామూలుగా పొట్ట మీద మూడు నాలుగు చిన్న రంధ్రాలు, విడదీసిన కిడ్నీని బయటికి తియ్యడానికి చాలాసార్లు పొత్తికడుపు కింద అడ్డంగా ఒక కోత. సిజేరియన్‌కి కోసే గీతే. డాక్టరమ్మ అద్దంలో చూపించి, "మచ్చ కనపడదు, బికినీ లైన్" అంది. నాకు పిల్లలు లేరు. డ్రెస్సింగ్ మార్చడానికొచ్చిన నర్సు కేస్ షీట్ చూడకుండానే, "బాబా, పాపా?" అనడిగింది.

పిల్లల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక సంగతి. 2015లో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన అధ్యయనం ప్రకారం, కిడ్నీ ఇచ్చాక గర్భం దాల్చినవాళ్లలో 11 శాతానికి గర్భిణీ బీపీ లేదా ప్రీఎక్లాంప్సియా వచ్చింది, వాళ్లంత ఆరోగ్యంగానే ఉండి ఇవ్వనివాళ్లలో 5 శాతానికి. ఇది భయపడాల్సిన అంకె కాదు, చాలామందికి కాన్పులు మామూలుగానే అవుతాయి. కానీ తెలియాల్సిన అంకె. నాకు కౌన్సెలింగ్‌లో ఎవరూ చెప్పలేదు. ముప్పై దాటిన, పిల్లలు లేని దాతని పిల్లల గురించి అడక్కపోవడం మర్యాద అనుకున్నారేమో. పదివేల మంది దాతల్లో జీవితకాలంలో తమకే కిడ్నీ ఫెయిలయ్యేవాళ్లు దాదాపు తొంభై మంది, అంత ఆరోగ్యంగానే ఉండి ఇవ్వనివాళ్లలో పద్నాలుగు మంది అని 2014 అమెరికన్ లెక్క. అదీ నేనే చదువుకున్నాను. తెలిసినా ఇచ్చేదాన్నే. తెలిసి ఇవ్వడం వేరు.

నాలుగో రోజు నన్ను డిశ్చార్జి చేశారు. అతను ఇంకా లోపలే. తన పాత కిడ్నీలు తియ్యలేదు, నాది కుడివైపు పొత్తికడుపులో అమర్చారు. ఇప్పుడతనికి మూడు. ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. అతనికి ఒక గది, మాస్కు, విడిగా గిన్నెలు, ఉదయం తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ టాక్రోలిమస్, ఫ్రిజ్ మీద అతికించిన చార్టు, వారానికి రెండు రక్తపరీక్షలు, లావుపాటి ఫైలు. నాకు పారాసిటమాల్, "ఆరువారాలు బరువులెత్తకండి" అన్న ఒక వాక్యం. పేషంటు అతను. నేను పేషంటు తాలూకు. పదో రోజున అత్తయ్య ఎంతో మామూలుగా, "అమ్మాయ్, వాడికి ఉప్పు లేకుండా కాస్త కూర నువ్వే చూడు, నాకు కొలత తెలీదు" అంది. చెడ్డ మనిషి కాదు. వాడు కోలుకోవాలి అన్న ఆలోచనలో నేను కూడా కోలుకోవాలన్నది ఆమెకి తట్టలేదు, అంతే.

మా అమ్మ వచ్చింది. అరవై నాలుగేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. ఇంకా పాత తెల్లాపూర్ ఊళ్లోంచి మా ఇంట్లో పనికొచ్చే అక్క. టవర్లు రాకముందు తన అత్తగారి వాళ్లు ఇక్కడే కూరగాయలు పండించేవాళ్లని చెబుతుంది. ఆ ఆరువారాలూ నన్ను మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టింది, తల దువ్వింది ఆమె. "నాకు ఆపరేషనయినప్పుడు ఐదో దినం కూలికి పోయిన మేడం" అంది ఒకరోజు. ఏ ఆపరేషన్ అని నేనూ అడగలేదు. ఆమెకి ఆ నెల జీతం రెట్టింపిచ్చి ఊరుకున్నాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అవయవం ఇస్తే 42 రోజుల ప్రత్యేక సెలవు 2023లో వచ్చింది. నాలాంటి గెస్ట్ లెక్చరర్‌కి లేదు. ఆమెకి మొదలే లేదు.

అతను ఇంటికొచ్చిన మూడో వారం నుంచి ఇద్దరం కారిడార్లో నడిచేవాళ్లం, లిఫ్టు నుంచి ఫైర్ డోర్ దాకా, ఇరవై సార్లు. ఇద్దరికీ పొట్ట పట్టుకుని నడవడమే కాబట్టి వేగం కుదిరేది. పన్నెండేళ్ల కాపురంలో మేమిద్దరం అంత సమానంగా నడిచింది అప్పుడే. రిపోర్టులొచ్చిన రోజు క్రియాటినిన్లు పోల్చుకునేవాళ్లం. ఒకసారి అతనిది 1.0, నాది 1.1 వచ్చింది. "నీ కిడ్నీ నీ దగ్గర కంటే నా దగ్గర బాగా పనిచేస్తోంది" అన్నాడు. ఇద్దరం కుట్లు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు నిజం. ఆ తర్వాత చాయ్ పెట్టింది అతనే, అది కూడా నిజం. ఒంటిచేత్తో గిన్నె దించడం నేర్చుకున్నాడు.

ఒకరోజు రాత్రి నడుస్తూ అడిగేశాను, "నాకే పోయి ఉంటే నువ్విచ్చేవాడివా?" అని. వెంటనే అవునంటాడనుకున్నాను. అతను ఫైర్ డోర్ దాకా నడిచి, తిరిగి, మళ్లీ లిఫ్టు దగ్గరికి వచ్చేదాకా మాట్లాడలేదు. "ఇచ్చేవాణ్ణనే అనుకుంటున్నా. కానీ నన్నెవరూ అడగరు. మా అమ్మ అడగనివ్వదు. నీ వాళ్లు కూడా, అల్లుణ్ణి ఎలా అడుగుతాం అనేవాళ్లు. నేనే చెప్పాల్సొచ్చేది, గట్టిగా, అందరితో పోట్లాడి. ఆ పోట్లాట పెట్టుకునేవాణ్ణా అంటే... తెలీదు" అన్నాడు.

ఆ జవాబుకి నేను కృతజ్ఞురాలిని. అవునని ఉంటే నమ్మేదాన్ని కాదేమో. అతను ఇవ్వాలంటే నోరు తెరిచి పోట్లాడాలి. నేను ఇవ్వడానికి ఊరుకుంటే చాలింది. ఏ కమిటీ అయినా అడగాల్సింది ఆ తేడా గురించేనేమో. నిబంధనల్లో దానికి ఫారం లేదు.

తెలుగులో స్త్రీవాదం శరీరం గురించి మాట్లాడటం నేర్పింది. 'గురిచూసి పాడే పాట', 'నీలి మేఘాలు' సంకలనాల తరం కవయిత్రులు ప్రసూతిగదినీ అబార్షన్‌నీ కవిత్వంలోకి తెచ్చారు. ఓల్గా 'రాజకీయ కథలు' శరీరభాగాల్ని ఒక్కొక్కటిగా కథావస్తువులు చేసింది. నా థీసిస్ కూడా ఆ దారిలోదే. కానీ నేను చదివినంతలో, లింగం లేని అవయవాల గురించి మనం తక్కువే రాశాం. గుండె, లివర్, కిడ్నీ స్త్రీదైనా పురుషుడిదైనా ఒకటే కదా అనుకున్నాం. శరీరంలో ఉన్నంతసేపూ ఒకటే. చేతులు మారేటప్పుడు మాత్రం దానికి లింగం వస్తుంది.

మొన్న ఏడాది చెకప్‌కి వెళ్లాం. రిసెప్షన్లో అమ్మాయి కంప్యూటర్ చూస్తూ "పేషంట్ పేరు?" అంది. అతని పేరు చెప్పబోయి ఆగి, నా పేరు చెప్పాను. వెతికింది. "మీ పేరు మీద ఫైల్ లేదు మేడం, సార్ ఫైల్లోనే డోనర్ అని ఉన్నారు" అంది. కొత్త ఫైల్ తెరవమన్నాను. మూడు వందల రూపాయలు రిజిస్ట్రేషన్ ఫీజు అంది. కట్టాను. భర్త పేరు గడి కూడా ఉంది ఆ ఫారంలో, దాని పక్కన చుక్క, తప్పనిసరి అని గుర్తు. బీపీ, యూరిన్, క్రియాటినిన్ రాయించుకుని వచ్చేసరికి అతను కుర్చీలో కూర్చుని నా హ్యాండ్‌బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.